ఆలంగీర్ చివరి ఉత్తరాలు

 



1707వ సంవత్సరం ఆరంభ దినాలలో, అహ్మద్‌నగర్ శిబిరంలో, ఎనభై ఎనిమిదేళ్లు నిండిన ఒక వృద్ధుడు తన ఇద్దరు కుమారులకు రెండు ఉత్తరాలు పంపాడు. కాబూలు నుంచి జింజీ వరకు ఆ రోజున ఆయన పేరిట నాణేలు చెల్లుతున్నాయి. సుమారు 49 ఏళ్లు సింహాసనం ఆయనదే. అందులో చివరి పాతికేళ్లు దక్కనులోనే, అధికభాగం గుడారాల మధ్యనే గడిచాయి. ఆయన ముహియుద్దీన్ ముహమ్మద్ ఔరంగజేబు. బిరుదు ఆలంగీర్, అంటే లోకాన్ని జయించినవాడు. ఉత్తరాలు అందుకున్నవారు ముహమ్మద్ ఆజం, కామ్ బఖ్ష్. ఈ వారం ఆ ఉత్తరాలను గురించి, వాటి వెనుక ఉన్న జీవితాన్ని గురించి, వాటిని చదివినవారు ఏం చేశారన్నదాన్ని గురించి ఆలోచిద్దాం.

ఎక్కడి అహ్మద్‌నగర్, ఎక్కడి నెల్లూరు అని కొందరికి తోచవచ్చు. కావలి నుంచి సూళ్లూరుపేట దాకా పరచుకున్న మన తీరం ఒకప్పుడు గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉండేది. 1687లో గోల్కొండ కోట ఔరంగజేబు చేతికి చిక్కింది. దానితోపాటు పెన్నా ఒడ్డున ఉన్న కోటలు, సముద్రపు రేవులు, ఉప్పు కొఠార్లు, మెట్ట పొలాలు, మాగాణులు అన్నీ మొగలు లెక్కల పుస్తకంలోకి ఎక్కాయి. తరువాత దక్షిణాన జింజీ కోటను పట్టుకోవడానికి జుల్ఫికర్ ఖాన్ సైన్యం సుమారు ఎనిమిదేళ్లు, 1698 దాకా, ఈ కర్ణాటక ప్రాంతంలోనే మకాం వేసింది. ఆ దండయాత్రల నుంచి పుట్టిందే ఆర్కాటు నవాబుల పాలన. నెల్లూరు వారికి ఆ నవాబులు కొత్తవారు కారు. కాబట్టి ఆ చక్రవర్తి ఆశకూ, ఆయన కడపటి దిగులుకూ మన ఊళ్లు కూడా కొంత వెల చెల్లించాయి.

ముందుగా ఒక మాట. ఔరంగజేబు పేరెత్తగానే నేడు రెండు వర్గాలు సిద్ధమవుతాయి. ఒక వర్గం ఆయనలో దోషం తప్ప మరేమీ చూడదు. ఆ దోషాలన్నిటికీ నేటి ముస్లింను, చేపల వల బాగుచేసుకునేవాణ్ణీ, ఆటో నడుపుకునేవాణ్ణీ, జవాబు చెప్పమంటుంది. ఇంకొక వర్గం దానికి విరుగుడుగా ఆయనను వలీ అంటుంది, ఆయన చేసిన ప్రతి యుద్ధాన్నీ ధర్మయుద్ధమంటుంది. మనం ఆయన తరఫు వకీళ్లం కాము, ఆయనపై ఫిర్యాదుదారులమూ కాము. 1679లో ఆయన జిజియాను మళ్లీ విధించాడన్నది నిజం. కొన్ని దేవాలయాలను కూల్చమని ఫర్మానాలు ఇచ్చాడన్నది నిజం, మరికొన్నిటికి మాన్యాలు కొనసాగించాడన్నదీ నిజం. ఒకరి పుణ్యం మరొకరికి చెందనట్లే ఒకరి పాపభారం మరొకరు మోయరని ఖురాన్ పలుచోట్ల స్పష్టం చేసింది. మూడు వందల ఏళ్ల కిందటి రాజు లెక్క మన తలపై లేదు. ఆయన తన లెక్కను తానే ఎలా వేసుకున్నాడన్నదే నేటి విషయం.

కథ నిజానికి జుమా మింబరు దగ్గరే మొదలవుతుంది. ఆనాటి ఆచారంలో రాజ్యాధికారానికి రెండు గుర్తులు: నాణెం మీద పేరు, ఖుత్బాలో పేరు. 1657 సెప్టెంబరులో షాజహాన్ జబ్బుపడ్డాడు. నలుగురు కుమారులూ కత్తులు దూశారు. 1658 మే నెలాఖరున ఆగ్రా దగ్గర సాముగఢ్‌లో ఔరంగజేబు తన అన్న దారా షుకోను ఓడించి, తండ్రిని ఆగ్రా కోటలోనే నిర్బంధించాడు. ఇక మిగిలింది ఖుత్బా. తండ్రి బ్రతికి ఉండగా కుమారుని పేరిట ఖుత్బా చదవడం ధర్మసమ్మతం కాదని ప్రధాన ఖాజీ నిరాకరించారు. ఆ క్షణంలో గుజరాత్‌కు చెందిన అబ్దుల్ వహ్హాబ్ అనే విద్వాంసుడు ఒక దారి చూపాడు. తండ్రి శరీరం పాలనకు పనికిరానిదైపోయింది గనుక సింహాసనం ఖాళీ అయినట్లేనని ఆయన ఫత్వా. కొద్దికాలంలోనే ఆ విద్వాంసుడు ప్రధాన ఖాజీ అయ్యాడు. పనికిరాని శరీరమని చెప్పబడిన ఆ తండ్రి మరో ఏడున్నర ఏళ్లు, 1666 జనవరి దాకా, బ్రతికే ఉన్నాడు.

దారాను 1659లో చంపించారు. మురాద్‌ను గ్వాలియర్ కోటలో ఉంచి 1661లో చంపించారు. షుజా అరకాన్ అడవుల వైపు పారిపోయి అక్కడే అంతమయ్యాడు. ముగ్గురు సోదరులకూ ఇదే గతి పట్టింది. చేసినవాడు నమాజు విడిచేవాడు కాడు, మద్యం ముట్టేవాడు కాడు. తన ఖర్చుకు టోపీలు కుట్టేవాడు, ఖురాన్ ప్రతులు స్వహస్తాలతో రాసేవాడు. మనకు ఇబ్బంది కలిగించవలసిన చోటు ఇదే. దుర్మార్గుడు సోదరుణ్ణి చంపితే అందులో మనం నేర్చుకునేది తక్కువ. ఆదం కుమారులిద్దరి వృత్తాంతం సూరా మాయిదాలో చదివేటప్పుడు ఒక సంగతి గమనించాలి. ఆ ఇద్దరూ దేవునికి ఖుర్బానీ సమర్పించడానికే వచ్చినవారు. హంతకుడూ ఆరాధనకు వచ్చినవాడే.

అధికారాన్ని గురించి దైవప్రవక్త (స) తమ సహచరుడైన అబ్దుర్రహ్మాన్ బిన్ సమురా (రజి)కు చేసిన హితబోధ హదీసు గ్రంథాలలో ఉంది. అధికారాన్ని కోరి తీసుకున్నవాణ్ణి దాని పాలికే వదిలివేస్తారనీ, కోరకుండా వచ్చినవాడికి సాయం అందుతుందనీ దాని భావం. దాని పాలికే వదిలివేయడం అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఔరంగజేబు తరువాతి యాభై ఏళ్లు చూస్తే చాలు.

ఇప్పుడు గోల్కొండకు వద్దాం. ఫత్వా ఇచ్చిన అబ్దుల్ వహ్హాబ్ ఖాజీ పదవిలో ఉండగా విస్తారమైన ధనం కూడబెట్టాడని చరిత్రకారులు రాశారు. ఆయన పోయాక ఆ పదవి కుమారుడైన షేఖ్-ఉల్-ఇస్లాంకు వచ్చింది. ఈ కుమారుడు తండ్రికి పూర్తిగా భిన్నమైన మనిషి. తండ్రి సొమ్ములో తన వాటాకు వచ్చినది ఒక్క దమ్మిడీ కూడా వాడుకోకుండా దానం చేసివేశారు. బీజాపూర్, గోల్కొండలపై దండెత్తడం షరియత్ ప్రకారం సమ్మతమేనా అని చక్రవర్తి అడిగినప్పుడు, కాదని చెప్పారు. కలిమా చదివే వారిపై, కప్పం కడుతున్న వారిపై యుద్ధమేమిటన్నది ఆయన అభ్యంతరం. గోల్కొండ 1636లోనే తన ఖుత్బాలో మొగలు చక్రవర్తి పేరు చదువుతామని ఒప్పుకుని సంతకం పెట్టిన రాజ్యం. చక్రవర్తికి జవాబు రుచించలేదు. షేఖ్-ఉల్-ఇస్లాం పదవిని వదిలి మక్కాకు ప్రయాణమయ్యారు. తండ్రి ఇచ్చిన ఫత్వాతో ఆయనకు ఖాజీ గద్దె వచ్చింది, కుమారుడు ఇవ్వని ఫత్వాతో అదే గద్దె పోయింది. ఈ ఇద్దరిలో ఎవరి పేరు మన పిల్లలకు పెట్టుకోవాలో వేరే చెప్పనక్కరలేదు గాని, మొదటివాని పేరే చరిత్ర పుస్తకాలలో ఎక్కువగా కనిపిస్తుంది.

ముట్టడి 1687 ఫిబ్రవరిలో మొదలై సెప్టెంబరు 21 దాకా సాగింది. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషాపై చక్రవర్తి మోపిన నేరాలలో భోగలాలసత ఒకటి, మరాఠాలకు ధనసాయం ఒకటి, అక్కన్న మాదన్నల చేతికి రాజ్యం అప్పగించడం ఇంకొకటి. కాని ఆ అన్నదమ్ములిద్దరినీ ముట్టడికి సుమారు ఒక ఏడాది ముందే, 1686లో, నడివీధిలో చంపివేశారు. కారణం పోయినా యుద్ధం ఆగలేదు. వర్షాలకు ఏరులు పొంగి ధాన్యపు బండ్లు నిలిచిపోయాయి. కరువూ మహమ్మారీ కోట బయట ఉన్న ముట్టడిదారులనూ, నగరంలో ఉన్న రైతులనూ ఒక్కలాగే కబళించాయి. శవాలు ఎత్తే దిక్కు లేక హైదరాబాదు ఇళ్లు పాడుబడ్డాయని ఆనాటివారు రాశారు. ముస్లింల రక్తం ఇంకా చిందకుండా లొంగుబాటును స్వీకరించమని కొత్త ఖాజీ అబ్దుల్లా సలహా ఇస్తే, ఆయనను ముట్టడి శిబిరం నుంచి దూరంగా పంపించివేశారు.

కోట బలంతో పడలేదు. అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే కోటలోని అధికారి లంచం పుచ్చుకుని రాత్రివేళ దిడ్డివాకిలి తీశాడు. అందరూ లొంగుతున్న వేళ అబ్దుర్రజాక్ లారీ ఒక్కడే గుర్రంపై ఎదురెళ్లి పోరాడాడు. ఒంటిపై సుమారు డెబ్భై గాయాలతో స్పృహతప్పి దొరికాడు. ఔరంగజేబు తన వైద్యులను పంపి అతణ్ణి బ్రతికించాడు, కొలువులో చేరమన్నాడు. తానీషా ఉప్పు తిన్నవాణ్ణని లారీ మొదట ఒప్పుకోలేదు. ద్రోహంతో గెలిచినవాడు విశ్వాసపాత్రుణ్ణి మెచ్చుకోవడం చూడండి! మనుషులను గుర్తించే చూపు ఆయనకు లేదని ఎవరూ అనలేరు. తన చుట్టూ చేరినవారిలో లారీలు తక్కువనీ, పన్నీలు ఎక్కువనీ ఆయనకు తెలుసు. తానీషాను దౌలతాబాద్ కోటకు తరలించారు. అక్కడే, ఖైదులోనే, ఆయన కన్నుమూశాడు.

గోల్కొండ తరువాత యుద్ధం ముగియవలసింది. నిజమైన యుద్ధం అక్కడే మొదలైంది. రెండు దక్కను సుల్తానత్‌లు పోయాక మరాఠాలను అడ్డుకునే గోడ ఏదీ మిగలలేదు. ఎనభై దాటిన వయసులో చక్రవర్తి పల్లకీలో కొండకోటల వెంట తిరిగాడు: 1700లో సతారా, మరుసటి ఏడు పన్హాలా, ఆ మరుసటి ఏడు ఖేల్నా. కొన్ని కోటలు బురుజులు బద్దలై లొంగాయి, కొన్ని సొమ్ముకు లొంగాయి. ఆయన వెనుదిరగగానే వాటిలో ఎన్నో మళ్లీ చేతులు మారాయి. మనం పెన్నా ఇసుకలో గుంట తవ్వుతుంటే పక్కనుంచి ఇసుక జారి పూడిపోయినట్లు! చివరికి 1706 జనవరిలో అహ్మద్‌నగర్ చేరి ఆగిపోయాడు.

అక్కడి నుంచి వెళ్లినవే ఈ ఉత్తరాలు. వాటి సారాంశం మన మాటలలో చెప్పుకుందాం. ఒంటరిగా వచ్చాను, పరాయివాడిలా పోతున్నాను అంటాడు. తానెవరో, ఇన్నాళ్లూ ఏం చేశాడో తనకే తెలియడం లేదంటాడు. ఆరాధనలో గడపని దినాలన్నీ పశ్చాత్తాపమే మిగిల్చాయంటాడు. దేవుడు తన హృదయంలోనే ఉన్నా, చీకటి కమ్మిన తన కళ్లు ఆయన వెలుగును చూడలేకపోయాయంటాడు. సైన్యమంతా తనలాగే కలత చెంది, దిక్కుతోచక ఉందంటాడు. ఏమీ వెంట తేలేదు గాని పాపాల మూట మాత్రం మోసుకుపోతున్నానంటాడు. అన్నిటికన్నా బరువైన మాట మరొకటుంది: రాజ్యాన్ని కాపాడడం, ప్రజలను పోషించడం తన చేత కాలేదని ఒప్పుకుంటాడు.

ఈ మాటను మనం కొంచెం సేపు పట్టుకోవాలి. ఆయన ఓడిపోయిన రాజు కాడు. కోటల లెక్కలో చూస్తే ఆయనంతటి విస్తీర్ణాన్ని పాలించిన మొగలు చక్రవర్తి లేడు. అటువంటివాడు ఎన్ని కోటలు గెలిచానని తనను తాను అడగలేదు, రైతు బాగున్నాడా అని అడిగాడు. జవాబు కూడా తానే చెప్పుకున్నాడు. ప్రతి ఒక్కరూ కాపరే అన్న ప్రవక్త (స) ఉపమానం మనం ఎన్నో ఖుత్బాలలో విన్నాం. కాపరిని అడిగేది మేపిన మందను గురించి, ఆక్రమించిన బీడును గురించి కాదు. ఆ ప్రశ్న తనకు ఎదురుకాబోతోందని ఔరంగజేబుకు తెలుసు. 1658లోనూ తెలుసు. ఆయనకు ఇల్మ్ కొరవడలేదు. ఫతావా-ఎ-ఆలంగీరీ వంటి ధర్మశాస్త్ర సంకలనాన్ని చేయించినవాడాయన.

మనిషి స్వభావాన్ని గురించి ఆయన నమ్మకమేమిటో ఆయన పేరుతో ప్రచారంలో ఉన్న వీలునామాలో కనిపిస్తుంది. పాలకుడికి రాజ్యంలోని వార్తలు తెలియడమే మూలస్తంభమనీ, ఒక్క క్షణపు ఏమరుపాటు ఏళ్ల తరబడి అవమానమవుతుందనీ అందులో ఉంది. ఆగ్రా కాపలా నుంచి శివాజీ తప్పించుకుపోవడమే దానికి ఉదాహరణ. కుమారులను ఎన్నడూ నమ్మవద్దన్నది ఆ వీలునామాలోని మరో హితవు. తండ్రిని ఖైదుచేసినవాడు కుమారులను నమ్మలేడు. తాను ఏం చేశాడో దాన్నే లోకమంతా చేస్తుందనుకుంటాడు. ఇదీ అధికారం మనిషి చూపుకు చేసే కీడు: తన గుండెలోని జబ్బునే మానవ స్వభావమని పేరు పెట్టి పిలుస్తుంది. బ్రతికున్న కుమారులలో పెద్దవాడైన ముఅజ్జంను ఆయన 1687లో అనుమానంతోనే బంధించి ఏళ్ల తరబడి నిర్బంధంలో ఉంచాడు. మరో కుమారుడు అక్బర్ తిరగబడి, ఇరాన్ పారిపోయి, అక్కడే చనిపోయాడు.

సోదరుడంటే శత్రువేనా? సూరా యూసుఫ్ మనకు వేరే తండ్రినీ వేరే సోదరుణ్ణీ చూపుతుంది. బావిలోకి తోసిన అన్నలు ధాన్యం కోసం చేతులు చాచి నిలబడినప్పుడు యూసుఫ్ (అలైహిస్సలాం) చేతిలో ఈజిప్టు కొఠార్లున్నాయి, సైనికులున్నారు, పాత గాయం కూడా ఉంది. ఆయన నింద మోపలేదు, క్షమాపణ వేడుకున్నారు వారి కోసం. మక్కా విజయం రోజున ప్రవక్త (స) తమను వెళ్లగొట్టిన బంధువులతో ఈ యూసుఫ్ మాటనే తలచుకుని మాట్లాడారు. కాబట్టి అధికారం దక్కిన ప్రతివాడూ సోదరుణ్ణి చంపక తప్పదన్నది అబద్ధం. అది చేయాలనుకున్నవారు చెప్పుకునే సాకు. సింహాసనాల మాట అటుంచి, మన మధ్యనే అరెకరం రొయ్యల చెరువు కోసం, తండ్రి కట్టిన ఇంటి గోడ కోసం, మసీదు కమిటీ కుర్చీ కోసం ఏళ్ల తరబడి సలాం మానుకున్న అన్నదమ్ములు లేరా? ఒకే సఫ్‌లో భుజానికి భుజం తగిలేలా నిలబడి, సలాం ఫేరగానే చెరొక ద్వారం గుండా వెళ్లిపోయేవారిని మనం చూడటం లేదా? అక్కడ కత్తి లేదు గాబట్టి అది వేరే జబ్బు అనుకుంటున్నాం.

మళ్లీ ఉత్తరాల దగ్గరికి. కామ్ బఖ్ష్‌కు రాసినదానిలో ఒక హెచ్చరిక ఉంది. ముస్లింలు చంపబడి, ఆ నింద పనికిమాలిన ఈ జీవి తలపై పడేలా చేయకండని తండ్రి బతిమాలుకుంటాడు. కత్తితో వచ్చిన వారసత్వం కత్తితోనే పంచబడుతుందని ఆయనకు బాగా తెలుసు. రాజ్యాన్ని కుమారుల మధ్య పంచుతూ ఒక పత్రం కూడా విడిచాడు. కాని ఆ ఉత్తరాలలో దారా పేరు లేదు, మురాద్ పేరు లేదు, షుజా పేరు లేదు. పాపాలని బహువచనంలో ఒప్పుకున్నాడే గాని ఒక్కదానికీ పేరు పెట్టలేదు. సోదరుల రక్తం చిందించడం నాతోనే తప్పని కుమారులకు విడమరచి చెప్పి ఉంటే వారు వినేవారా? వినకపోయేవారేమో. చెప్పలేదన్నది మాత్రం మన ముందున్న వాస్తవం. తౌబా చేసేవాడు దేవుని ముందు తన పాపాన్ని ఎరిగి చేస్తాడు. దేవునికీ ఆయనకూ మధ్య ఏం జరిగిందో మనకు అనవసరం, దానిపై తీర్పు మన పని కాదు. సంతానానికి ఇచ్చే సాక్ష్యం వేరే విషయం.

ఆ వసంతంలోనే, ఒక శుక్రవారం ఉదయం ఆయన కన్నుమూశాడు. ఖుల్దాబాద్‌లో షేఖ్ జైనుద్దీన్ దర్గా ప్రాంగణంలో, పైకప్పు లేని మట్టి సమాధి. టోపీలు కుట్టి సంపాదించిన నాలుగు రూపాయల రెండణాలు కఫన్‌కు వాడమనీ, ఖురాన్ రాసి సంపాదించిన 305 రూపాయలు పేదలకు పంచమనీ వీలునామాలో ఉంది.

ఉత్తరం అందుకున్న ఆజం పంపకానికి ఒప్పుకోలేదు. 1707 జూన్‌లో ఆగ్రా దగ్గర జాజవ్‌లో అన్న ముఅజ్జం సైన్యంతో పోరాడి చనిపోయాడు. ఉత్తరం అందుకున్న రెండవవాడు కామ్ బఖ్ష్ బీజాపూర్‌లో బాద్‌షానని ప్రకటించుకుని మన హైదరాబాదుకే వచ్చాడు. అనుమానం అతణ్ణి తినివేసింది. తనకోసం కోటలు గెలిచిపెట్టిన సేనాని అహ్సన్ ఖాన్‌ను హింసించి చంపించాడు. సైన్యం కరిగిపోయింది. అన్న రాజీకి కబురు పంపినా వినలేదు. 1709 జనవరిలో హైదరాబాదు శివార్లలో గాయపడి ప్రాణం విడిచాడు. తండ్రి కడసారి ఉత్తరాలు చదివిన ఇద్దరూ రెండేళ్లు తిరగకముందే సోదరుని సేనల చేతిలో అంతమయ్యారు. కామ్ బఖ్ష్ శవాన్ని ఢిల్లీకి పంపి హుమాయూన్ సమాధి భవనంలో పూడ్చారు. దారా షుకో సమాధి ఉన్నదీ అక్కడే.

ఇద్దరు ముస్లింలు కత్తులతో ఎదురుపడితే చంపినవాడికీ చచ్చినవాడికీ నరకమేనన్న హదీసు ఉంది. చచ్చినవాడి తప్పేమిటని సహచరులు అడిగితే, అతడూ ఎదుటివాణ్ణి చంపాలనే కదా వచ్చాడని జవాబు. ఈ హదీసును అబూబక్రా (రజి) ఎప్పుడు వినిపించారో గమనించాలి. అంతర్యుద్ధంలో ఒక పక్షానికి సాయం చేయడానికి ఆయుధంతో బయలుదేరిన అహ్‌నఫ్ బిన్ ఖైస్‌ను దారిలో ఆపి వినిపించారు. షేఖ్-ఉల్-ఇస్లాం చేసినదీ ఆ పనే, బయలుదేరక ముందే ఆపడం. ఉత్తరం మాత్రం యుద్ధాలన్నీ అయిపోయాక వచ్చింది.

ఈ గొలుసు మన నెల్లూరు దాకా వచ్చింది. 1742లో ఆర్కాటు నవాబు సఫ్దర్ అలీని ఆయన బంధువు ముర్తజా అలీయే వేలూరులో హత్య చేయించాడు. ఆ తరువాత నవాబీ అన్వరుద్దీన్ ఖాన్‌కు దక్కింది. ఆయన 1749లో ఆంబూరు యుద్ధంలో, వృద్ధాప్యంలో, ఏనుగుపైనే నేలకొరిగాడు. పెద్ద కుమారుడు మహఫూజ్ ఖాన్ శత్రువులకు చిక్కాడు, మరో కుమారుడు ముహమ్మద్ అలీ తిరుచిరాపల్లికి తప్పించుకుని ఇంగ్లీషువారి అండతో నవాబయ్యాడు. ఇంకో కుమారుడు నజీబుల్లా నెల్లూరు కోటలో పాలకుడు. తండ్రి శవం మీద మట్టి ఆరకముందే ఒకటిగా నిలవవలసిన ముగ్గురూ మూడు దిక్కులయ్యారు. మహఫూజ్ తిరునెల్వేలి వైపు ఎదురు తిరిగితే, నజీబుల్లా నెల్లూరులో తిరుగుబాటు చేశాడు.

1757 మేలో ముహమ్మద్ అలీ తన సోదరునిపైకి కంపెనీ సైన్యాన్ని రప్పించుకున్నాడు. కల్నల్ ఫోర్డు ఫిరంగులతో వచ్చి నెల్లూరు మట్టిగోడకు గండి కొట్టాడు. లోపలివారు గండిలో నిలబడి ఆ దాడిని తిప్పికొట్టారు. ఫ్రెంచివారు తిరుచిరాపల్లి వైపు కదిలారన్న కబురుతో ఫోర్డు వెనుదిరిగాడు. ఇదే ఫోర్డు మరుసటి ఏడాది చందుర్తి దగ్గర, 1759లో మచిలీపట్నంలో ఫ్రెంచివారిని ఓడించినవాడు. నజీబుల్లా ఫ్రెంచివారిని చేరదీశాడు. 1759 ఆరంభంలో మద్రాసు ముట్టడిలో వారు విఫలమయ్యారని తెలియగానే తన దగ్గరున్న ఫ్రెంచివారిని చంపించి ఇంగ్లీషు పక్షాన చేరాడు. ఆశ్రయం ఇచ్చినవారి రక్తం! గోల్కొండ దిడ్డివాకిలి తీసిన చేతికీ, దీనికీ భేదమేముంది?

ఆ గండిలో పడినవారి పేర్లు ఎవరూ రాయలేదు. కోటలో నిలిచినవారిలోనూ, బయట నుంచి ఎక్కినవారిలోనూ రోజూ ఐదుసార్లు ఒకే దిక్కుకు తిరిగేవారు ఉండి ఉంటారు. నెల్లూరు చెరువు గట్టున బారాషహీద్‌ల సమాధుల దగ్గర ముహర్రం దినాలలో కులమతాల ఎంపిక లేకుండా జనం చేరుతారు. అక్కడ జరిగే ఆచారాలపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి, ఆ చర్చ వేరు. మనం గమనించదగినది ఒకటే: యుద్ధాన్ని గురించి ఈ ఊరు దాచుకున్న జ్ఞాపకంలో పడినవారున్నారు, పంపినవారు లేరు.

సోదరునిపై గెలవడానికి తెచ్చిన సైన్యానికి జీతాలు కావాలి. ముహమ్మద్ అలీ కంపెనీకి బాకీపడ్డాడు, కంపెనీ నౌకర్లకు విడివిడిగా కూడా బాకీపడ్డాడు. వడ్డీకి వడ్డీ పెరిగింది. ఆ బాకీలకు జామీనుగా తాలూకాల శిస్తు వసూళ్లను రాసి ఇచ్చాడు. నెల్లూరు రైతు పండించిన గింజ ఆర్కాటుకైనా చేరకుండా అప్పులవారి లెక్కల్లోకి పోయింది. ఆయన 1795లో చనిపోయాడు. కుమారుడు ఉమ్దతుల్ ఉమరా 1801 జూలైలో మరణించగానే, ఆ నెల 31న కంపెనీ కొత్త నవాబుతో ఒడంబడిక రాయించుకుని కర్ణాటకమంతటినీ తన పాలనలోకి తీసుకుంది. నవాబుకు భరణం మిగిలింది. 1757లో ఫోర్డు గోడకు గండి కొట్టినా చొరలేకపోయిన నెల్లూరులోకి కంపెనీ కలెక్టరు నడిచి వచ్చాడు. తలుపు మూయడానికి అన్నదమ్ములలో ఎవరూ మిగలలేదు.